పాత అంబాసిడర్‌కి క్రూయిజ్ కంట్రోల్ బిగించుకోవడం ఎలా

తణుకు నుంచి విశాఖపట్నం దాకా అంబాసిడర్ నడిపినవాళ్లకి కుడికాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. పదహారో నంబరు హైవే మీద రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఆ బిరుసు స్ప్రింగ్‌ని ఒకే లోతులో తొక్కిపట్టి కూర్చోవాలి. అన్నవరం కొండ కనబడేసరికి పిక్క రాయైపోతుంది. మా ఇంట్లో ఉన్నది 1984 మోడల్ మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు ఇంజను. నాన్నగారు ముచ్చటపడి కొన్నది. ఆయన మోకాళ్లు పట్టేశాక స్టీరింగు నా చేతికొచ్చింది. ఇప్పుడు నా మోకాలూ అదే దారి పట్టింది. బండిని అమ్మడానికి మనసు రాలేదు, షెడ్డులో పెట్టి దుప్పటి కప్పడానికీ రాలేదు. దానికి క్రూయిజ్ కంట్రోల్, అంటే కాలు తీసినా బండిని ఒకే వేగంలో నడిపించే పరికరం, బిగించాను. మూడు ఆదివారాలు పట్టింది. ఆ పని మీరూ చేసుకోగలిగేలా, నేను తడబడిన చోట్లతో సహా రాస్తున్నాను. పద్మినికైనా పాత జీపుకైనా పద్ధతి ఇదే, బ్రాకెట్ల కొలతలే మారతాయి.

పనిలోకి దిగేముందు ఒక్క మాట. యాక్సిలరేటర్‌ని లాగి పట్టుకోవడం ఈ పరికరానికి తేలిక. బ్రేకు మీద కాలు ఆనగానే వదిలేయడమే అసలు పని. లాగడం సంగతి తయారుచేసినవాళ్లు చూసుకున్నారు. వదలడం మాత్రం మీరు బిగించే తీరు మీద ఉంటుంది. కింద రాసిన ప్రతి జాగ్రత్తా దాని కోసమే.

దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి చేతి యాక్సిలరేటర్ ఒకచోట పెట్టేసి వదిలేస్తాం కదా. ఆ లివరు బ్రేకు తొక్కినా వెనక్కి రాదు. మడిలో నడక వేగానికి దానివల్ల ప్రమాదం లేదు. అది చూసి కొందరు కారుకి కూడా చోక్ కేబులు ఒకటి తెచ్చి యాక్సిలరేటర్ లివరుకి కట్టేసుకుంటారు. డెబ్బైలో వెళ్తుంటే ముందు లారీ ఆగిందనుకోండి, మీరు బ్రేకు తొక్కుతున్నా ఇంజను ముందుకే తోస్తుంది. ఎంత చవకైనా ఆ పని చేయకండి.

ముందు బండిని చూసుకోండి

కిట్ కొనకముందే బానెట్ ఎత్తి కార్బురేటర్ లివరుని వేలితో తెరిచి వదలండి. టక్కుమని మూసుకోవాలి. నెమ్మదిగా జారుతూ వచ్చినా, చివర్లో కాస్త ఆగి మూసుకున్నా, ముందు ఆ జబ్బు నయం చేయాలి. కార్బురేటర్ షాఫ్టు అరిగిందా, స్ప్రింగు సాగిందా, కడ్డీల కీళ్లలో దుమ్మూ గ్రీజూ గట్టిపడ్డాయా చూడండి. నా బండిలో మూడూ ఉన్నాయి. స్ప్రింగు ఒకటి కొత్తది వేసి, పక్కనే రెండోది కూడా తగిలించాను. ఒకటి తెగినా రెండోది మూయాలి.

తర్వాత ఇంజను మౌంటింగులు. రబ్బరు చచ్చిపోయిన మౌంటింగుల మీద ఇంజను, గేరు వేసి క్లచ్ వదిలినప్పుడల్లా ఓ పక్కకి ఒరుగుతుంది. మనం బిగించబోయే సర్వో, అంటే కేబుల్ని లాగే డబ్బా, బాడీకి ఉంటుంది, కార్బురేటర్ ఇంజనుకి ఉంటుంది. ఇంజను ఒరిగితే వాటి మధ్య కేబులు తనంతట తానే యాక్సిలరేటర్‌ని లాగుతుంది. ఇది చాలామంది చూడరు. మౌంటింగులు మార్చాకే ముందుకెళ్లండి.

బ్యాటరీ ఏ కొస బాడీకి కలిసి ఉందో చూడండి. మరీ పాత ఇంగ్లీషు డిజైన్ బళ్లలో ప్లస్ ఎర్త్ ఉంటుంది. ఈ కిట్లన్నీ మైనస్ ఎర్త్‌కే తయారవుతాయి. ప్లస్ ఎర్త్ బండికి తిన్నగా కలిపితే మాడ్యూలు, అంటే కిట్‌ని నడిపే ఎలక్ట్రానిక్ భాగం, అక్కడికక్కడే కాలిపోతుంది. ముందు బండిని మైనస్ ఎర్త్‌కి మార్పించాలి, లేదా ఈ ఆలోచన మానుకోవాలి.

బ్రేకులు, స్టీరింగు, టైర్లు సరిగా లేని బండికి ఇది వద్దు. ఆ డబ్బు బ్రేకులకి పెట్టండి.

ఏ కిట్ కొనాలి

ఆన్‌లైన్‌లో క్రూయిజ్ కంట్రోల్ అని వెతికితే కనబడేవాటిలో ఎక్కువ భాగం కొత్త కార్లవి. వాటి యాక్సిలరేటర్ పెడల్‌లో వైర్లే ఉంటాయి, కేబులు ఉండదు. ఆ వైర్ల మధ్య పెట్టే చిన్న డబ్బాలు అవి. మన బండికి ఎందుకూ పనికిరావు. మీకు కావలసింది సర్వో ఉన్న కిట్, అంటే ఒక డబ్బాలోంచి కేబులు బయటికి వచ్చి యాక్సిలరేటర్‌ని నిజంగా లాగే రకం.

అందులో రెండు తరహాలు. ఒకటి వాక్యూమ్‌తో పనిచేసేది: ఇంటేక్ మానిఫోల్డ్ నుంచి గొట్టం తీసుకుని, లోపలి రబ్బరు తిత్తిని పీల్చి కేబుల్ని లాగుతుంది. రెండోది చిన్న మోటారుతో లాగేది. ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజను ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం వాక్యూమ్ ఇస్తుంది. రింగులు, వాల్వులు అరిగిన ఇంజనులో అంత రాదు. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తెరుచుకునేకొద్దీ వాక్యూమ్ పడిపోతుంది, సరిగ్గా సర్వోకి బలం కావలసిన చోట అది నీరసపడుతుంది. డీజిల్ ఇంజనుకైతే సాధారణంగా ఆ వాక్యూమే ఉండదు. అందుకని నా సలహా మోటారు రకమే. అమెరికాలోని రోస్ట్రా సంస్థ 250-1223 అనే నంబరుతో తెచ్చిన కిట్ పాత కార్లవాళ్లలో బాగా తెలిసినది, దానికి ఇంజను వాక్యూమ్ అక్కర్లేదు. ఏ కంపెనీదైనా పెట్టెలో ఇవి ఉండాలి: సర్వో, కేబులు, పూసల గొలుసు, అయస్కాంతాలూ సెన్సారూ, స్విచ్చు, వైర్ల కట్ట, పుస్తకం. పుస్తకం లేని సెకండ్ హ్యాండ్ కిట్ ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. ఏ రంగు వైరు ఎక్కడికి వెళ్లాలో కిట్‌కి కిట్‌కి మారుతుంది.

కాగితాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో చేసే మార్పుల గురించే. మీ రవాణా శాఖ కార్యాలయంలోనూ, ఇన్సూరెన్స్ వాళ్లనూ ముందు అడిగి తెలుసుకోండి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు గానీ, దాని ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉండకూడదు, దాన్ని రోజువారీ వాడకూడదు. మీ బండి ఆ వయసుకి దగ్గరలో ఉంటే ఈ పనంతా ఉన్న రంధ్రాలకే బోల్టులు వేసి, ఎప్పుడైనా గంటలో విప్పేసేలా చేయండి. నేను బాడీకి కొత్త రంధ్రం ఒక్కటీ వేయలేదు.

సర్వో, కేబులు, గొలుసు

బ్యాటరీ మైనస్ తీసేయండి. మన బండి ఇంజనులో కార్బురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఒకే వైపు ఉంటాయి. అంటే కేబులు చివర ఎటూ వేడి దగ్గరికే రావాలి. సర్వోని మాత్రం వేడికి దూరంగా, నీళ్లు చిమ్మని చోట, కేబులు బయటికొచ్చే మూతి కిందికి గానీ పక్కకి గానీ చూసేలా పెట్టండి. పైకి చూస్తే వాన నీళ్లు కేబుల్లోంచి లోపలికి దిగుతాయి. దారిలో కేబులు ఎగ్జాస్ట్‌కి జానెడు దూరంలోనైనా ఉండాలి, మెలికలు తిరగకూడదు. ఇంజను గదిలో కేబులు ఎంత తిన్నగా వెళ్తే అంత తేలిగ్గా వెనక్కి వస్తుంది.

ఇప్పుడు పూసల గొలుసు. కేబుల్‌ని తిన్నగా లివరుకి బిగించేయకుండా మధ్యలో ఈ గొలుసు ఎందుకని నాకు సాయం చేసిన కుర్రాడు అడిగాడు. గొలుసు లాగగలదు గానీ నెట్టలేదు. మీరు కాలితో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గొలుసు వదులై వేలాడుతుంది, సర్వోకి ఏ ఇబ్బందీ ఉండదు. సర్వో ఎక్కడైనా ఇరుక్కుపోయినా మీరు ఇంకా తొక్కడానికి అది అడ్డు రాదు. ఇనుప కడ్డీ పెట్టి కలిపితే ఈ స్వేచ్ఛ పోతుంది.

గొలుసుని కార్బురేటర్ లివరుకి, యాక్సిలరేటర్ కడ్డీ లేదా కేబులు తగిలిన చోటికి వీలైనంత దగ్గరలో తగిలించండి. లాగే దిశ కూడా ఒకటే ఉండాలి. అసలు కడ్డీని విప్పేసి దాని స్థానంలో దీన్ని పెట్టకండి, పాత అమరిక పాత అమరికగానే ఉండాలి. ఇంజను ఆపి ఉండగా గొలుసులో ఒకటి రెండు పూసలంత వదులు, అంటే సుమారు మూడు మిల్లీమీటర్లు ఉంచండి. అసలు వదులు లేకపోతే ఐడిలింగ్ పెరుగుతుంది, ఇంజను ఒరిగినప్పుడల్లా బండి ఎగురుతుంది. వదులు మరీ ఎక్కువైతే, క్రూయిజ్ పట్టించే సెట్ బటన్ నొక్కగానే బండి ముందు నీరసపడి, ఆ తర్వాత అందుకుంటుంది.

బిగించాక చోక్ లాగి చూడండి, వదలండి. చాలా కార్బురేటర్లలో చోక్ లాగితే యాక్సిలరేటర్ లివరు కూడా కాస్త జరుగుతుంది. గొలుసు ఎక్కడా చిక్కుకోకూడదు. మీ వాళ్లెవరినైనా లోపల కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కించి వదిలించండి. పది సార్లు. పదిసార్లూ టక్కుమని మూసుకోవాలి. గొలుసు ఒక్కసారి ఎయిర్ క్లీనర్ బోల్టుకి తగిలినా దారి మార్చండి. నేను రెండుసార్లు మార్చాను.

వేగం కొలిచే సెన్సారు

బండి ఎంత వేగంతో వెళ్తోందో మాడ్యూలుకి చెప్పాలి. మన స్పీడోమీటరు కేబులుతో తిరిగేది, దాంట్లో వైరు లేదు. రెండు దారులు ఉన్నాయి. ప్రొపెల్లర్ షాఫ్టుకి (గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్లే కడ్డీకి) అయస్కాంతాలు కట్టి, ఎదురుగా సెన్సారు పెట్టడం ఒకటి. గేర్‌బాక్సు దగ్గర స్పీడోమీటరు కేబులు మధ్యలో బిగించే పల్స్ జనరేటర్ రెండోది. కొలత కుదిరినది దొరికితే రెండోదే మేలు, మన కాలవగట్ల బురదలో అయస్కాంతం కన్నా అదే శుభ్రంగా ఉంటుంది. నాకు కుదిరినది దొరకలేదు, అయస్కాంతాలే పెట్టాను.

బండి కిందికి దూరేముందు వెనక రెండు చక్రాలూ లేపి, ఇరుసు కింద స్టాండులు పెట్టండి. ముందు చక్రాలకి దుంగలు అడ్డం వేయండి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి వెళ్లకండి, ఎంత చిన్న పనైనా సరే.

అయస్కాంతాన్ని షాఫ్టు వెనక కొసన కాకుండా గేర్‌బాక్సు వైపు కొసన కట్టండి. వెనక ఇరుసు పట్టీల మీద ఎగిరిపడుతుంటుంది. అక్కడ పెడితే అయస్కాంతానికీ సెన్సారుకీ మధ్య ఖాళీ గతుకు గతుకుకీ మారిపోతుంది. గేర్‌బాక్సు వైపు ఆ కదలిక చాలా తక్కువ. రెండు అయస్కాంతాలు కడితే ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉండాలి, లేదంటే షాఫ్టు బ్యాలెన్సు తప్పి డెబ్బై దాటగానే సీటు కింద వణుకు మొదలవుతుంది. షాఫ్టుని తుప్పు, గ్రీజు పోయేదాకా రుద్ది, కిట్‌లో ఇచ్చిన పట్టీ వేసి, పైన ఎపాక్సీ పూయండి. నల్ల టేపు చుట్టి సరిపెట్టేవాళ్లున్నారు. ఆ షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతుందో కింద లెక్క చూశాక మీరు ఆ పని చేయరు.

లెక్క ఇలా. మొదట, వెనక చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఎంత జరుగుతుందో కొలవాలి. టైరు మీదా నేల మీదా సుద్దతో గీత గీసి, ఆ గీత మళ్లీ నేలకి వచ్చేదాకా బండిని తోసి టేపుతో కొలవండి. రెండు మీటర్లు వచ్చిందనుకుందాం. అంటే కిలోమీటరుకి చక్రం 500 చుట్లు. తర్వాత చక్రం ఒక చుట్టుకి షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడాలి. దీనికి ఒక చక్రం నేల మీద ఉండనిచ్చి రెండోది లేపండి, గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు తీసేయండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఒక చక్రం కదలనప్పుడు డిఫరెన్షియల్ వల్ల రెండోది రెట్టింపు తిరుగుతుంది, అందుకే రెండు చుట్లు. ఆ రెండు చుట్లలో షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అదే మీ క్రౌన్ రేషియో. బయట నిలబడి షాఫ్టు మీది సుద్ద గుర్తుని చూస్తే చాలు, కిందకి దూరనక్కర్లేదు. నాలుగున్నర వచ్చిందనుకోండి: 500ని 4.5తో గుణిస్తే కిలోమీటరుకి 2,250 చుట్లు. ఒక్క అయస్కాంతమైతే 2,250 పల్సులు, అంటే అయస్కాంతం ఎదురైనప్పుడల్లా సెన్సారు పంపే తట్టులు. అమెరికా కిట్ల పుస్తకాల్లో మైలు లెక్క ఉంటుంది, 1.609తో గుణిస్తే సుమారు 3,620. మాడ్యూలు మీది చిన్న స్విచ్చుల్లో 2,000, 4,000, 8,000 వంటి అంకెలుంటే దగ్గరగా ఉన్న 4,000 ఎంచుకోండి. అచ్చంగా కుదరకపోయినా ఫర్వాలేదు. సెట్ నొక్కిన క్షణంలో వస్తున్న పల్సుల జోరునే మాడ్యూలు గుర్తుపెట్టుకుని, దాన్నే నిలబెడుతుంది.

ఇదే లెక్కన గంటకు 75 కిలోమీటర్ల వేగంలో షాఫ్టు నిమిషానికి సుమారు 2,800 చుట్లు తిరుగుతుంది. టేపుతో చుట్టిన అయస్కాంతం ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు.

బ్రేకు, క్లచ్

ఇక్కడ తొందరపడకండి. ఒక ఆదివారం మొత్తం దీనికే పెట్టండి.

కిట్‌లోని బ్రేకు వైరుని బ్రేక్ లైటు స్విచ్చుకి రెండో పక్క, అంటే స్విచ్చు నుంచి వెనక బల్బులకు వెళ్లే వైరుకి కలపాలి. పెడల్ తొక్కనప్పుడు ఆ వైరులో కరెంటు ఉండదు, బల్బు ఫిలమెంట్ గుండా అది ఎర్త్‌కి తగులుతూ ఉంటుంది. మాడ్యూలు ఆ ఎర్త్‌ని చూసి అంతా బాగుందనుకుంటుంది. తొక్కగానే 12 వోల్టులు వస్తాయి, వెంటనే వదిలేస్తుంది. టెస్ట్ బల్బుతో చూసి, తొక్కితేనే వెలిగే పక్కకి కలపండి.

నేను ఇక్కడే అరపూట పోగొట్టుకున్నాను. అంతకు ముందు ఏడాది వెనక లైట్లకి ఎల్ఈడీ బల్బులు వేయించాను. అన్ని వైర్లూ సరిగానే ఉన్నా క్రూయిజ్ పట్టలేదు. నేను పిలిచిన ఎలక్ట్రీషియన్ మాడ్యూలు పాడైందని తేల్చేశాడు. సంగతేమిటంటే ఎల్ఈడీ గుండా మాడ్యూలుకి ఆ ఎర్త్ దొరకదు, దాంతో అది బ్రేకు వైరు తెగిపోయిందనుకుని పని మానేస్తుంది. పాత 21 వాట్ల ఫిలమెంట్ బల్బులు మళ్లీ వేయగానే పట్టింది. రిలే పెట్టి ఎల్ఈడీలు ఉంచుకునే పద్ధతి ఉంది గానీ నాకది నచ్చదు. ఆ రిలే కాయిల్ కాలిపోయిన రోజున మీరు బ్రేకు తొక్కినా మాడ్యూలుకి కబురు వెళ్లదు. ఫిలమెంట్ బల్బులన్నీ పోతే మాత్రం క్రూయిజ్ అసలు పట్టదు. చెడిపోతే వదిలేసే అమరిక కావాలి మనకి, చెడిపోతే పట్టుకునే అమరిక కాదు.

ఇంకో పెద్ద విషయం. చాలా పాత కార్లలో బ్రేక్ లైటు స్విచ్చు పెడల్ దగ్గర ఉండదు, బ్రేకు ఆయిల్ లైనులో ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి పెరిగితేనే వెలుగుతుంది. అంటే పెడల్ కొంత లోపలికి దిగాకే. దానికన్నా భయపడాల్సింది ఇంకొకటుంది: ఆయిల్ కారిపోయి బ్రేకు పడని రోజున ఆ స్విచ్చూ పనిచేయదు, అంటే బ్రేకు లేదు, క్రూయిజ్ కూడా వదలదు. ఆ ఒక్క స్విచ్చుని నమ్ముకోకండి. పెడల్ కడ్డీకి ఆనేలా మరో స్విచ్చు బిగించండి. పెడల్ పైన ఉన్నంతసేపు కలిసి ఉండి, అరంగుళం కదలగానే తెగిపోయే రకం. మాడ్యూలుకి వెళ్లే కరెంటుని దాని గుండా పంపండి. మోటారు సర్వోలో కరెంటు పోగానే లోపలి చిన్న క్లచ్ కేబుల్‌ని వదిలేసే ఏర్పాటు ఉండాలి. కొనేముందు పుస్తకంలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

క్లచ్ పెడల్‌కి కూడా అలాంటిదే ఇంకొకటి పెట్టి, రెండింటినీ వరసలో కలపండి. ఏ పెడల్ కదిలినా కరెంటు తెగాలి. క్లచ్‌కి ఎందుకంటే, క్రూయిజ్ పట్టి ఉండగా మీరు గేరు మార్చడానికి క్లచ్ తొక్కితే బండి బరువు ఇంజను మీద నుంచి పోతుంది, సర్వో మాత్రం లాగుతూనే ఉంటుంది. ఇంజను కేకలు పెడుతుంది. కిట్‌లో ఇగ్నిషన్ కాయిల్‌కి కలిపే వైరు ఉంటే అది రెండో కాపలా: ఇంజను చుట్లు ఒక్కసారిగా పెరిగితే మాడ్యూలు గ్రహించి వదిలేస్తుంది. దాన్ని కాయిల్ మైనస్ కొసకి, అంటే డిస్ట్రిబ్యూటర్ పాయింటుకి వెళ్లే కొసకి మాత్రమే కలపాలి. మన నాలుగు సిలిండర్ల ఇంజను ప్రతి చుట్టుకీ రెండు స్పార్కులిస్తుంది, 3,000 చుట్ల దగ్గర సెకనుకి వంద పల్సులు. మాడ్యూలు స్విచ్చుల్లో సిలిండర్ల సంఖ్య నాలుగని పెట్టడం మరిచిపోకండి.

వైరింగు, స్విచ్చు

వైర్లన్నీ ప్లగ్ వైర్లకి దూరంగా తీసుకెళ్లండి. ప్లగ్ వైర్లు రెసిస్టర్ రకం కాకపోతే మార్చండి, ఆ స్పార్కు గోల మాడ్యూలు చెవిన పడితే వేగం ఊగుతుంది. కరెంటు ఇగ్నిషన్ తాళం వేస్తేనే వచ్చే చోటు నుంచి తీసుకోండి. పుస్తకంలో చెప్పిన ఫ్యూజు విడిగా వేయండి, పాత బళ్లలోని రెండు మూడు ఫ్యూజుల మీద దీన్ని కూడా మోపవద్దు. ఎర్త్ వైరుని పెయింటు గీకిన చోట బిగించండి.

వైరు చివర్లు మెలిపెట్టి టేపు చుట్టడం మన ఊళ్లలో అసలు పనికిరాదు. నరసాపురం, అంతర్వేది వైపు గాలిలో ఉప్పు, భీమవరం చుట్టూ చెరువుల తేమ. ఆరు నెలల్లో రాగికి పచ్చటి చిలుము పడుతుంది. ప్రతి అతుకూ సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించి, కనెక్టర్ల లోపల డై-ఎలక్ట్రిక్ గ్రీజు పెట్టండి. వైర్లు లోపలికి వెళ్లే రంధ్రంలో రబ్బరు గ్రొమెట్ ఉండాలి.

స్విచ్చుని చూడకుండా చేతికి అందే చోట పెట్టండి. అంబాసిడర్‌కి గేరు స్టీరింగు పక్కనే కాబట్టి ఆ లివరుకి తగలకుండా, డాష్‌బోర్డు కింద అంచున కుడిచేతి వైపు నేను పెట్టాను. ఆఫ్ బటన్ చీకట్లో కూడా వేలికి తెలియాలి.

పరీక్ష

చక్రాలు లేపి స్టాండుల మీద పెట్టి క్రూయిజ్ పరీక్షించాలనే ఆలోచన వస్తుంది. వద్దు. బరువు లేని చక్రాలు అదుపు తప్పి తిరుగుతాయి, బండి స్టాండు మీద నుంచి దిగితే ఇంకేమైనా ఉందా. నిలబడి ఉండగా చేయాల్సింది వైర్ల పరీక్షే: ఇగ్నిషన్ తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకుండా, బ్రేకు కొంచెం కదిపితే మాడ్యూలు కరెంటు తెగుతోందా, క్లచ్ కదిపితే తెగుతోందా మల్టీమీటరు పెట్టి చూడండి. తర్వాత బ్రేక్ లైటు స్విచ్చు వైరు పీకేసి చూడండి, పెడల్ స్విచ్చు ఒక్కటే పని చేయాలి. దాన్ని తగిలించి, పెడల్ స్విచ్చుని తప్పించి చూడండి, బ్రేక్ లైటు వైరు ఒక్కటే పని చేయాలి. రెండూ విడివిడిగా నిలబడాలి.

రోడ్డు మీద పరీక్షకి ఆదివారం తెల్లవారి వెలుగొచ్చాక, పెరవలి నుంచి సిద్ధాంతం వైపు హైవే మీదకి వెళ్లాను. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి. చాలా మాడ్యూళ్లు గంటకు సుమారు యాభై లోపు పట్టవు. అరవైలో, టాప్ గేరులో సెట్ నొక్కి కాలు తీయండి, కానీ పాదం బ్రేకు పైనే ఉంచండి. పట్టగానే బ్రేకు తాకి వదిలించండి. మళ్లీ పట్టించి క్లచ్‌తో వదిలించండి. మళ్లీ పట్టించి ఆఫ్ బటన్‌తో. ఈ మూడూ అయిదేసి సార్లు వరసగా సరిగా జరిగేదాకా వేగం పెంచకండి. ఒక్కసారి వదలడం ఆలస్యమైనా ఇంటికి తిరిగొచ్చి గొలుసు, స్ప్రింగు, వైరు మొదటినుంచి చూడాల్సిందే.

ఆ తర్వాత సర్దుబాటు. క్రూయిజ్ కంట్రోల్ కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అయిదేళ్ల వయసులోనే చూపు కోల్పోయిన అమెరికన్ ఇంజనీరు. 1950లో ఆయనకి పేటెంటు వచ్చింది, 1958లో క్రైస్లర్ ఇంపీరియల్ కార్లలోకి అది ఎక్కింది. నడిపేవాడి కాలు నిలకడ లేక బండి ముందుకీ వెనక్కీ ఊగడం చూపులేని ప్రయాణికుడికి ఒంటికి తెలుస్తుంది. మీరూ పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకుని చూడండి, ఇంకొకరితో నడిపించండి. బండి ఊగుతుంటే మాడ్యూలు సెన్సిటివిటీ ఒక మెట్టు తగ్గించండి. వేగం పడిపోయాక చాలాసేపటికి అందుకుంటుంటే పెంచండి. మన డెల్టాలో నేల బల్లపరుపు, ఎత్తంటే వంతెనలూ ఫ్లైఓవర్లే. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన, రావులపాలెం దాటాక గౌతమి వంతెన ఎక్కి దిగితే సర్దుబాటు కుదిరిందో లేదో తేలిపోతుంది. ఎక్కేటప్పుడు అయిదు కిలోమీటర్ల లోపు తగ్గి అందుకుంటే బాగున్నట్టే.

ఎక్కడ వాడకూడదు

నాలుగు వరసల హైవే, పొడి రోడ్డు, ఎదర ఖాళీ ఉన్నప్పుడే. కాలవగట్టు రోడ్ల మీద, ఊళ్ల మధ్యలోంచి వెళ్లే 216వ నంబరు హైవే మీద ఇది వాడే వస్తువు కాదు. ఏప్రిల్‌లో దాళ్వా కోతలప్పుడు రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు, ట్రక్కు తగిలించిన ట్రాక్టర్లు సర్వీసు రోడ్డు నుంచి తలపెడతాయి, రాంగ్ రూటులో బళ్లొస్తాయి. చేపల వ్యాన్ల నుంచి నీళ్లు కారి రోడ్డు జిడ్డుగా ఉంటుంది. వానలో అయితే ఆఫ్‌లోనే ఉంచండి. తడి రోడ్డు మీద చక్రం పట్టు తప్పడం ముందు కాలికి తెలుస్తుంది, ఆ కాలు పెడల్ మీద ఉండాలి. నిద్రొచ్చేటప్పుడు కూడా వద్దు. కాలికి పని లేకపోతే నిద్ర ఇంకా త్వరగా వస్తుంది.

తర్వాత చూసుకోవలసినవి

నెలకోసారి గొలుసు పూసలు, రెండు స్ప్రింగులు, కేబులు మూతి దగ్గరి రబ్బరు చూడండి. గోదావరి వరదలప్పుడు నీళ్లు నిలిచిన రోడ్డు దాటాల్సి వస్తే, ఇంటికొచ్చాక బండి కింద సెన్సారు కనెక్టర్ విప్పి ఆరబెట్టి, గ్రీజు మళ్లీ పెట్టండి. అయస్కాంతానికి ఇనుప రజను పట్టి ఉంటుంది, గుడ్డతో తుడిచేయండి, అది పేరుకుంటే వేగం ఊగడం మొదలవుతుంది. గొలుసు ఒకటి స్పేరు డాష్‌బోర్డు అరలో పడేసి ఉంచండి.

బండి ఇంకొకరి చేతికిచ్చే రోజున తాళంతో పాటు ఇది కూడా చూపించండి: పక్కన కూర్చుని, ఖాళీ రోడ్డు మీద పట్టించి, ముందు బ్రేకుతో వదిలించడం. సెట్ ఎక్కడుందో ఆ తర్వాత చెప్పొచ్చు. మా తమ్ముడికి నేను అలాగే నేర్పాను.